అణు పరిశోధన బహుమతులు: ఎవరి ప్రతిభకు పతకం?

అణుశాస్త్రంలో పరిశోధన చేసే విద్యార్థులకు మన దేశంలో రకరకాల బహుమతులున్నాయి. ఉత్తమ సిద్ధాంత గ్రంథానికొకటి, ఉత్తమ పత్రానికొకటి, శిక్షణలో మొదటి స్థానానికి హోమీ భాభా పేరిట ఇంకొకటి. ఇచ్చేవాళ్ళు చెప్పేది ఒకటే మాట: కులం చూడం, పని చూస్తాం. ఆ మాటలో అబద్ధం లేదనే అనుకుందాం. న్యాయనిర్ణేతల ముందుకొచ్చిన కాగితం మీద కులం రాసి ఉండదు. మేం అడిగేది అది కాదు. ఆ కాగితం రాయగలిగే చోటికి ఎవరు చేరారు? చేరకుండా ఎవరు ఆగిపోయారు?

కవిత్వం కిరసనాయిలు దీపం కింద కూడా రాయొచ్చు. అణు పరిశోధన అట్లా కుదరదు. రియాక్టరు కావాలి, యాక్సిలరేటరు కావాలి, రేడియోధార్మిక పదార్థాల కోసం ప్రత్యేకంగా కట్టిన గదులు కావాలి, అనుమతులు కావాలి. ఇవి దాదాపు అన్నీ అణుశక్తి శాఖ చేతిలో ఉన్నాయి. ఆ గడప దాటనివాడికి ప్రతిభ ఉందో లేదో తేలే అవకాశమే లేదు. అంటే అసలు ఎంపిక పతకం దగ్గర కాదు, గడప దగ్గరే జరిగిపోతుంది.

ఆ గడప దగ్గర చట్టం ఏం చెప్తుందో చూడండి. 2006 నాటి కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల రిజర్వేషన్ చట్టం ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం, ఓబీసీలకు 27 శాతం సీట్లిచ్చింది. అదే చట్టం నాలుగో సెక్షన్ కొన్ని సంస్థలకు ఇది వర్తించదని మినహాయించింది. చట్టం వెనక ఉన్న షెడ్యూలులో మొట్టమొదటి పేరు హోమీ భాభా జాతీయ సంస్థ. దానితోపాటు ట్రాంబే భాభా కేంద్రం, కల్పాక్కం ఇందిరాగాంధీ కేంద్రం మొదలుకొని పది అనుబంధ సంస్థలు. రెండో పేరు టాటా ఫండమెంటల్ పరిశోధన సంస్థ. అణుశాస్త్రంలో డాక్టరేటు చేయడానికి దేశంలో ఉన్న పెద్ద తలుపులన్నీ ఇవే కదా! వీటిలో ఎవరైనా తమంతట తాము రిజర్వేషన్ పాటిస్తే అది వాళ్ళ దయ అవుతుంది గాని మన హక్కు కాదు.

ఆ పదింటిలో సాహా అణుభౌతిక సంస్థ కూడా ఉంది. మేఘనాథ్ సాహా ఎవరు? 1893లో ఢాకా దగ్గరి పల్లెలో చిన్న దుకాణదారు ఇంట, బెంగాల్ సవర్ణులు తక్కువగా చూసే కులంలో పుట్టినవాడు. దళితుడు కాదు. అయినా కలకత్తా హాస్టల్లో తోటి విద్యార్థులు ఆయన్ని తమ పంక్తిలో కూర్చోనివ్వలేదు. నక్షత్రాల వేడిని లెక్కగట్టే సమీకరణాన్ని 1920లో ఇచ్చింది ఆయనే. పంక్తి నుంచి లేపేసిన మనిషి పేరు గోడ మీద పెట్టుకున్నారు. ఆ గోడ లోపలికి వచ్చే హక్కును మాత్రం చట్టం నుంచి తీసేశారు!

అణు రంగం ప్రమాదకరమైంది, ఇక్కడ రాజీ కుదరదు అంటారు మెరిట్ వాదులు. రిజర్వేషన్ అడిగేది ప్రవేశంలో. లోపలికి వచ్చాక పరీక్షా, సిద్ధాంత గ్రంథమూ అందరికీ ఒకటే. అదే అణుశక్తి శాఖ కింద నడిచే భువనేశ్వర్ నైసర్‌లో ప్రవేశాలకు రిజర్వేషన్ ఉంది. మరి అక్కడ భౌతికశాస్త్రం పాడైపోయిందా? ఇక ప్రమాదం సంగతి. యురేనియం తవ్వేది ఎవరి నేలలో? 1967 నుంచి జాదుగూడలో సంతాల్, హో ఆదివాసుల మధ్య. నల్లమలలో చెంచుల అడవి మీద కూడా కన్ను పడింది. జనం ఎదురు తిరిగారు గనక 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ప్రమాదాన్ని పంచేటప్పుడు అడ్డురాని మెరిట్, సీట్లు పంచేటప్పుడే ఎందుకు గుర్తొస్తుంది?

విద్యార్థి పనిలో ల్యాబ్ పాలు ఎంతో బహుమతులిచ్చేవాళ్ళకు తెలియంది కాదు. అమెరికా ఇంధన శాఖ 2010వ దశకంలో అణు ఇంధన పరిశోధన చేసే విద్యార్థులకు బహుమతులిస్తూ, పరిశోధన మీద ఏటా 60 కోట్ల డాలర్ల కంటే తక్కువ ఖర్చుపెట్టే విశ్వవిద్యాలయాల వాళ్ళకు వేరే పోటీ పెట్టింది. జాతి వివక్షకు అది మందు కాదు. కాని డబ్బున్న ల్యాబునూ లేని ల్యాబునూ ఒకే తక్కెడలో తూచకూడదని ఒప్పుకుంది. మన పిల్లలు ఎక్కువగా చదివేది పరికరాల్లేని రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో. వాళ్ళ పనిని తూచే తక్కెడ ఏది?

మేం ప్రత్యేక పతకం అడగడం లేదు. దళితుల కోసం ఒక మూల బల్ల వేసి వడ్డిస్తే అది ఇంకో వెలివాడే. మేం అడిగేవి మూడు. షెడ్యూలులోని మినహాయింపు పోవాలి. ప్రతి బహుమతి ప్రకటనతోపాటు, ఆ సంస్థలో దరఖాస్తు చేసినవాళ్ళు, సీటు వచ్చినవాళ్ళు, మధ్యలో మానేసినవాళ్ళు ఏ వర్గంలో ఎంతమందో లెక్క చెప్పాలి. ప్రజల డబ్బుతో కట్టిన యంత్రాల మీద రాష్ట్ర విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఖాయంగా సమయం కేటాయించాలి.

విద్యార్థి మిత్రులు ఈ లెక్కలు సమాచార హక్కు కింద అడగొచ్చు. ఉపాధ్యాయులు ప్రవేశ ప్రకటనలు తరగతిలో చదివించి, రిజర్వేషన్ మాట ఉందో లేదో చూపించొచ్చు. ఆ లెక్క బయటపడేదాకా, పతకం పుచ్చుకున్న విద్యార్థి కష్టాన్ని మేం తక్కువ చేయం. కాని దాన్ని దేశంలోకెల్లా గొప్ప ప్రతిభ అంటే మాత్రం ఒప్పుకోం. లోపలికి రానిచ్చినవాళ్ళలో గొప్ప, అంతవరకే.