సేవాధర్మం – కుటుంబవియోగం: మిషనరీ దంపతుల కథనాలకు ఒక పఠనపద్ధతి

వ్యాససంగ్రహం

మతసేవ కోసం ఇల్లు విడిచి దూరదేశం వెళ్ళిన దంపతుల చరిత్రలలో సేవ విస్తారంగా నమోదైంది. ఇంటి మీది బెంగకు దక్కిన చోటు స్వల్పం. దంపతులు కలిసి వెళ్ళారు కాబట్టి ఇల్లు కూడా వారివెంటే వెళ్ళిందనే భావన ఈ లోపానికి ఒక కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తిక్కన ఆశ్రమవాసపర్వంలోని కుంతి నిర్ణయం, ఒంగోలు మిషనరీ క్లౌ దంపతుల గ్రంథం, నేటాలుకు వెళ్ళిన జాన్ రంగయ్య జీవితం, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథ ఇందులో ఆధారాలు.

కీలకపదాలు: మిషనరీ దంపతులు, వానప్రస్థం, కుటుంబవియోగం, ఆశ్రమవాసపర్వం, జాన్ రంగయ్య, జుమ్మా.

1. ప్రస్తావన

తెలుగు సాహిత్యచరిత్రలో మిషనరీల ప్రస్తావన సాధారణంగా బైబిలు అనువాదాలు, నిఘంటువులు, వ్యాకరణాలు, ముద్రణాలయాలు, పాఠశాలల చుట్టూ సాగుతుంది. ఈ పరిశీలన అవసరమైనదే. అయితే ఆ పనులు చేసినవారు తల్లిదండ్రులను, తోబుట్టువులను, చాలా సందర్భాలలో కన్నబిడ్డలను సముద్రాల అవతల వదిలి వచ్చినవారు. పిల్లలను చదువు కోసం స్వదేశానికి పంపి, దంపతులు మాత్రం ఇక్కడ ఉండిపోవడం పంతొమ్మిదో శతాబ్దపు మిషనరీ జీవితంలో పరిపాటి. ఉద్యోగ విరమణ తరువాత భార్యాభర్తలు కలిసి విదేశ సేవకు వెళ్ళే పద్ధతి నేటికీ కొన్ని క్రైస్తవ సంఘాలలో ఉంది. వారు వదిలి వెళ్ళేది కొడుకులను, కూతుళ్ళను, మనవలను, మనవరాళ్ళను.

ఒంటరిగా వెళ్ళిన వ్యక్తి వియోగాన్ని పాఠకుడు వెంటనే గుర్తిస్తాడు. ప్రబంధ నాయికానాయకుల నుంచి జానపద గేయాల దాకా మన విరహసంప్రదాయమంతా దంపతులు విడిపోవడం మీదే నిలిచింది. భార్యాభర్తలు కలిసే ఉన్నచోట ‘విరహం’ అనే మాటే పొసగదు. అందువల్ల కలిసి వెళ్ళిన దంపతుల బెంగను చదవడానికి మన అలంకారశాస్త్రంలో సిద్ధంగా ఉన్న పరిభాష తక్కువ. ఈ కొరతను పూరించగల ఆధారం మాత్రం తెలుగు సాహిత్యంలోనే ఉంది.

2. కుంతి నిర్ణయం

ముదిమిలో దంపతులు ఇల్లు విడిచి వెళ్ళడానికి మన సంప్రదాయంలో ఉన్న పేరు వానప్రస్థం. తిక్కన తెలుగు చేసిన ఆశ్రమవాసపర్వం దీనికి ప్రధాన కావ్యరూపం. యుద్ధం ముగిసిన పదిహేనేళ్ళకు ధృతరాష్ట్రుడు గాంధారితో కలిసి అడవికి బయలుదేరుతాడు. వారికి కన్నకొడుకులు లేరు. కాబట్టి వారి ప్రయాణంలో వైరాగ్యం పాలు ఎక్కువ. వారివెంట బయలుదేరిన కుంతి పరిస్థితి వేరు. ఆమెకు ప్రాణాలతో ఉన్న కొడుకులున్నారు. వారు రాజ్యాధికారంలో ఉన్నారు. ఉండిపొమ్మని ధర్మరాజు వేడుకున్నా ఆమె ఆగదు. తాను వెళ్తున్నది బావగారికీ తోడికోడలికీ సేవ చేయడానికని ఆమె నిశ్చయం.

ఈ పర్వంలో మూడు విషయాలు ప్రస్తుత చర్చకు ముఖ్యం. ఒకటి, వెళ్ళేవారి నిశ్చయం ఎంత గంభీరమో, మిగిలినవారి దుఃఖమూ అంతే గంభీరంగా కావ్యవస్తువు అవుతుంది. రెండు, ఆ దుఃఖం కథను నడిపిస్తుంది. తల్లిని చూడకుండా ఉండలేక పాండవులు పరివారంతో అడవికి వెళ్తారు. మూడు, తపోవనంలో కూడా బంధుప్రేమ చావదు. వ్యాసుని మహిమతో మరణించిన బంధువులు గంగాజలాల నుంచి ఒక్క రాత్రి లేచివచ్చే పుత్రదర్శన ఘట్టం దీనికి నిదర్శనం. అన్నీ వదిలి వచ్చినవారు సైతం కోరుకున్నది పోయిన పిల్లలను ఒక్కసారి చూడడమే. సేవానిరతికీ బెంగకూ పొత్తు కుదరదని ఈ పర్వం ఎక్కడా చెప్పదు.

వానప్రస్థానికీ మిషనరీ జీవితానికీ భేదాలున్నాయి. మొదటిది ఆశ్రమధర్మం. రెండోది ఒక సంస్థ పంపగా, దాతల విరాళాలతో, ఆనాటి వలసపాలన నీడలో సాగినది. ఈ భేదాన్ని మరచి రెంటినీ ఒకటిగా చూడడం పొరపాటు. అయితే మిగిలినవారికి కథనంలో చోటు ఉందా అన్న ప్రశ్నను ఆశ్రమవాసపర్వం నుంచి తీసుకుని మిషనరీ రచనలకు వేయవచ్చు.

3. ఒంగోలు దంపతులు: ఒకరి గొంతు, మరొకరి కలం

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ (1836–1910) 1866లో ఒంగోలులో పని మొదలుపెట్టారు. 1876–78 నాటి కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం పనిని గుత్తకు తీసుకుని వేలమంది నిరుపేదలకు కూలి చూపించారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం ఆ మిషను చరిత్రలో ప్రసిద్ధమైన ఘట్టం. నాటి కర్నూలు జిల్లాలో ఉన్న కంభం, మార్కాపురం ప్రాంతాలకు ఆ ఉద్యమం విస్తరించింది. మొదటి భార్య హారియెట్ మరణించాక, 1894లో ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడారు. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. ఆమె కూడా తెలుగు మిషనులో పనిచేసిన అనుభవం గలవారే. వలస జీవితపు మలిదశలో ఏర్పడిన దాంపత్యమిది.

ఈ దాంపత్యం నుంచి వెలువడిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్’ (1914) రూపరీత్యా విశిష్టమైనది. గ్రంథకర్త భర్త. ఆయన కోసం దాన్ని రాసినవారు భార్య. అచ్చయ్యేనాటికి ఆయన లేరు. ‘నేను’ అన్న ప్రతిచోటా వినిపించేది భర్త గొంతు, నడిచేది భార్య కలం. అందువల్ల ఆమె బెంగకు ఆ వాక్యాలలో వ్యాకరణపరంగానే చోటు లేదు. తన తండ్రి, తన సోదరుడు అని ఆమె రాయబోతే ఆ ‘నేను’ చెదిరిపోతుంది. ఒక మనిషి, ఒక మిషను, ఒక ఉద్యమం గురించిన కథ అన్నది ఆ గ్రంథానికి ఉపశీర్షిక. ఆ మూడింటిలో కుటుంబం లేదు.

అయితే ప్రధాన శీర్షికను గమనించాలి. ఎమ్మా సోదరుడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి ప్రముఖ సిద్ధాంతకర్త. ఆయన ‘క్రిస్టియానిటీ అండ్ ది సోషల్ క్రైసిస్’ 1907లో వెలువడింది. ఒంగోలు అనుభవానికి ‘సామాజిక క్రైస్తవం’ అని పేరు పెట్టడంలో ఆ పుట్టింటి ఆలోచనల జాడ ఉందని భావించడానికి అవకాశముంది. వాక్యంలో చోటు దొరకని కుటుంబం శీర్షికలోకి వచ్చి చేరిందన్నమాట. మిషనరీ గ్రంథాలలో బెంగ కన్నీటి రూపంలోనే ఉంటుందని ఆశించే పరిశోధకుడు ఇలాంటి జాడలను చేజార్చుకుంటాడు.

ఎమ్మా తన పేరుతో ప్రచురించిన ‘వైల్ సోయింగ్ శాండల్స్’ (1899) మాదిగల కథలను, విశ్వాసాలను నమోదు చేసింది. అందులో యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ప్రముఖంగా కనిపిస్తారు. తన ఇంటిని గురించి చెప్పుకోవడానికి వీలులేని రచయిత్రి మరొక దంపతుల ఇంటిని శ్రద్ధగా చూడడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. ఇది నిర్ధారణ కాదు. రెండు గ్రంథాలనూ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు కలిగే ఊహ మాత్రమే.

4. నేటాలు తెలుగువారు: ఇరువైపులా వియోగమే

మిషనరీ అంటే బయటినుంచి మన దగ్గరికి వచ్చినవాడనే తలపు తెలుగు పరిశోధనలో స్థిరపడింది. తెలుగు నేల నుంచి బయటికి వెళ్ళినవారి కథ ఈ తలపును సవరిస్తుంది. 1860 నుంచి 1911 వరకు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నేటాలుకు లక్షా యాభైవేలకు పైగా భారతీయులు చేరారు. వారిలో మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారి మధ్య పనిచేయడానికి 1903లో తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యను పంపింది. ఆయన సకుటుంబంగా వెళ్ళారు. కియర్స్‌నీ తేయాకు తోటల్లోని తెలుగువారితో అదే సంవత్సరం సంఘం ఏర్పడింది. రంగయ్య 1915లో అక్కడే కన్నుమూశారు.

క్లౌ దంపతుల స్థితికీ ఈ కుటుంబపు స్థితికీ ఒక మౌలికభేదం ఉంది. ఒంగోలులో సేవ పొందినవారు తమ ఊళ్ళలో తామున్నారు. సేవ చేసినవారు మాత్రమే ఇంటికి దూరమైనవారు. నేటాలులో ఇద్దరూ దూరమైనవారే. బోధకుడు తన ఇష్టంతో వెళ్ళాడు. కూలీ కరువు వల్లో, అప్పు వల్లో, మాయమాటల వల్లో వెళ్ళాడు. ఈ అసమానతను చెరిపివేయకూడదు. అయినా తెలుగులో ప్రార్థన, తెలుగులో పాట, తెలుగులో పలకరింపు ఆ తోటల్లో మతకార్యాలు మాత్రమే కావు. విడిచివచ్చిన ఇంటిని భాషలో నిలుపుకునే ప్రయత్నాలు కూడా. క్లౌ దంపతులకు ఇంటిబెంగ సేవకు వెలుపలి విషయం. ఇక్కడ అది సేవకు పునాదే అయింది.

ఈ కుటుంబం తెలుగు నేల మీద వదిలివెళ్ళిన బంధువుల అనుభవం మన సాహిత్యచరిత్రలోకి ఇంకా రాలేదు. వెళ్ళినవారి పేర్లు సంఘచరిత్రలలో ఉన్నాయి. ఎదురుచూసినవారి మాట సాహిత్యంలో వినవలసి ఉంది. అలాంటి మాటను వినిపించిన కథ ఒక శతాబ్దం తరువాత, మరొక మతజీవనం నుంచి, కడప జిల్లా వేంపల్లె నుంచి వచ్చింది.

5. వేంపల్లె: ఇంటివైపు నుంచి

కడపలో లండన్ మిషనరీ సొసైటీ పని 1822లో ఆరంభమైంది. నాడు దూరదేశాల వారు సేవ కోసం వచ్చిన ఈ మెట్టసీమ నుంచే నేడు బతుకుతెరువు కోసం కువైట్ వంటి గల్ఫ్ దేశాలకు, హైదరాబాదు, బెంగళూరులకు జనం వెళ్తున్నారు. ఇల్లు విడిచి వెళ్ళడం ఇక్కడ అపురూపమైన త్యాగం కాదు, నిత్యజీవనం. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారాలు ప్రారంభమైన తొలి రెండేళ్ళలో తెలుగు పురస్కారాలు రెండూ ఈ ఊరిపేరు ధరించిన రచయితలకే దక్కాయి: 2011లో వేంపల్లి గంగాధర్ ‘మొలకల పున్నమి’కి, 2012లో వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’కు.

‘జుమ్మా’ శీర్షికాకథలో శుక్రవారం నమాజు తప్పవద్దని కొడుకును పోరుతూ వచ్చిన తల్లి ఉంది. 2007 మే 18, శుక్రవారం నాడు హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత, నగరంలో ఉన్న కొడుకును మసీదుకు వెళ్ళవద్దని వేడుకునేది ఆమే. విమర్శకులు ఈ కథను ముస్లిం మైనారిటీ అస్తిత్వ దృష్టితో చదివారు. ఆ పఠనం సముచితమైనది. దానికి దూరం అనే కోణాన్ని జోడించాలి. తల్లి మాట మారింది పేలుడు వల్ల మాత్రమే కాదు, కొడుకు కంటికెదురుగా లేకపోవడం వల్ల కూడా. దగ్గరుంటే చేయి పట్టుకుని ఆపగలిగేది. దూరాన ఉన్నవాడిని ఆపడానికి ఆమెకు మిగిలింది మాట ఒక్కటే.

ఇది మతసేవ కథ కాదు. పోలికకు ఆ హద్దు ఉంది. కానీ విశ్వాసానికీ బిడ్డకూ మధ్య మనిషి నిలబడే క్షణం రెండు చోట్లా ఒకటే. మిషనరీ కథనంలో విశ్వాసం ముందుకు నడుస్తుంది, ఇల్లు వెనక మిగులుతుంది. ‘జుమ్మా’లో ఇల్లే మాట్లాడుతుంది. అలా మాట్లాడినంత మాత్రాన ఆ తల్లి విశ్వాసం కొరవడిందని ఏ పాఠకుడూ అనుకోడు. బెంగను ఒప్పుకోవడం భక్తికి లోటు కాదని తిక్కన తపోవనంలో చూపిన సత్యాన్నే ఆమె తన పల్లె నుంచి చెబుతుంది.

6. ముగింపు

పై పరిశీలన నుంచి మిషనరీ దంపతుల రచనలను చదవడానికి మూడు సూచనలు చేయవచ్చు. మొదటిది, దంపతులు కలిసి ఉన్నారన్న కారణంతో వియోగం లేదని భావించకూడదు. భర్త పక్కన భార్య ఉన్నచోట బిడ్డలు, తల్లిదండ్రులు ఎక్కడున్నారని అడగాలి. రెండోది, బెంగను ఉద్వేగవాక్యాలలోనే కాక రచనారూపంలో, అంటే ఎవరి గొంతు, ఎవరి కలం, ఏ శీర్షిక అన్న అంశాలలో వెదకాలి. మూడోది, వచ్చినవారితో పాటు తెలుగు నేల నుంచి వెళ్ళినవారిని, వారి కోసం ఎదురుచూసినవారిని కూడా ఈ చరిత్రలో చేర్చాలి.

సేవ గొప్పదనాన్ని ఈ పఠనం తగ్గించదు. దాని మూల్యం ఎవరు చెల్లించారో స్పష్టం చేస్తుంది. కుంతి వెళ్ళిపోయిన తరువాత హస్తినాపురంలో పాండవులు రాజ్యభోగాల మీద మనసు నిలపలేకపోయారని చెప్పడం వల్ల ఆమె శుశ్రూషకు మరింత బరువు వచ్చింది. మిషనరీ చరిత్రలకు అలాంటి హస్తినాపురాన్ని తిరిగి సమకూర్చడం తెలుగు పరిశోధన చేపట్టవలసిన పని.