జొన్నరొట్టెను ఎక్కడ నిలబడి చూడాలి?

సాయంత్రం ఆరు దాటాక కృష్ణానగర్ దారుల్లో జొన్నరొట్టెల పొయ్యిలు వరసగా వెలుగుతాయి. ఒక చెక్కబల్ల, ఒక పెంక, పిండిగిన్నె, నీళ్లలో ముంచిన గుడ్డ, వాటి వెనక ఒక స్త్రీ. షూటింగు ముగించుకొచ్చిన జూనియర్ ఆర్టిస్టులు, జిమ్ము నుంచి నేరుగా వచ్చిన కుర్రాళ్లు, పైన జూబ్లీహిల్స్ ఇళ్ల నుంచి స్టీలు డబ్బా పట్టుకొచ్చిన డ్రైవర్లు ఆమె చుట్టూ నిలబడి ఉంటారు. "మా సారుకు షుగరు, పలుచగా కొట్టమ్మా" అని ఒక డ్రైవరు రోజూ చెబుతాడు. ఆమె రోజూ తలూపి, అందరికీ కొట్టినట్టే కొట్టిస్తుంది.

ఒకరోజు జనం పలుచగా ఉన్నప్పుడు అడిగాను: "అక్కా, ఇంట్ల మీరు గూడ ఇవే తింటరా?"

ఆమె నవ్వింది. "యాడ తింటం మేడం! పొద్దుమూకంగ వీటి మొఖమే జూస్తుంటిమి. ఇంటికి వొయ్యి ఇంత అన్నం వండుకుంటం. సన్నబియ్యం ఇస్తున్నరు గద రేషన్ల."

నాలోని పరిశోధకురాలికి వెంటనే ఒక వ్యంగ్యం దొరికినట్టయింది. పేదవాళ్ల రొట్టె కొండ మీది బంగళాకు ఎక్కింది, రొట్టె చేసే చేతులేమో రేషన్ బియ్యం తింటున్నాయి. మంచి వాక్యమే. ఇంటికి వచ్చి రాసుకున్నాను కూడా. తర్వాత దాన్ని కొట్టేశాను. ఎందుకంటే, సన్నబియ్యం అన్నప్పుడు ఆమె గొంతులో నాకు వినిపించింది తృప్తి. దాన్ని విషాదంగా మార్చే హక్కు నాకెక్కడిది?

జొన్నరొట్టె గురించి మనం రాసే రాతల్లో చాలావరకు దాన్ని చేయని వాళ్లు రాసినవే. నేనూ అందులో ఉన్నాను. గోధుమపిండికి ఉండే సాగే గుణం జొన్నపిండికి లేదు. అందుకే చపాతీలా కర్రతో ఒత్తబోతే అంచులు చిట్లిపోతాయి. కాగిన నీళ్లు పోసి, వేడి చేతికి తగులుతుండగానే పిసికి, ఒక్కో ముద్దనూ అరచేత్తో తిప్పుతూ కొట్టాలి. పిండి పాతదైతే పట్టు ఉండదు కాబట్టి ఎప్పటికప్పుడు విసురుకోవాలి. పెంక మీద వేశాక పైన తడిగుడ్డతో తుడవాలి. ఎంత వేడి నీళ్లు, ఎంత సేపు, ఎంత బలం అన్నది కొలతల్లో చెప్పలేం. అది ఎక్కువగా ఆడవాళ్ల అరచేతుల్లో ఉన్న చదువు. నగరం ఇవాళ ఆరోగ్యం పేరిట కొనుక్కుంటున్నది ఆ చదువునే. ఇచ్చేది మాత్రం ఒక్క రొట్టె ధర.

దాని చరిత్రలో 1983 ఒక మలుపు. ఆ ఏడాది ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయి, కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చారు. అదే ఏడాది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. ఒకటి వరి అన్నాన్ని మెట్ట ఊళ్లలోని పేదల ఇళ్లదాకా తీసుకెళ్లింది. రెండోది ఆ మెట్ట ఊళ్లలోనే దళిత స్త్రీల సంఘాలతో కలిసి బీడు పడ్డ చెలకల్లో జొన్న, కొర్ర, పప్పుధాన్యాలు మళ్లీ మొలిపించే పనిలో పడింది. 1990ల నడుమ ఆ సంఘాల స్త్రీలు తమ ఊళ్ల జొన్నలతో తమదే అయిన రేషన్ వ్యవస్థను నడిపారు. ఊళ్లో ఎవరు పేద, ఎవరు మరీ పేద అన్నది ఊరివాళ్లే కూర్చొని తేల్చుకునేవారు. రేషన్ బియ్యం వచ్చి మా పంటలను తినేసిందన్నది వాళ్ల వాదన. కాదనలేం. కొనేవాడు లేని పంటను ఏ రైతూ ఎన్నేళ్లో వేయడు.

అయితే ఈ వాదన పక్కనే మరొకటి పెట్టాలి. తెలంగాణ మెట్ట ఊళ్లలో వరి అన్నం చాలా ఇళ్లకు పండుగ తిండి. మిగతా రోజులన్నీ గటక, అంబలి, రొట్టె. ఆ రొట్టె వెనక తెల్లవారుజామున ఇసుర్రాయి. ఇసుర్రాయి పాటలను జానపద సాహిత్య సంపదగా సేకరించి మురిసిపోయాం మనం. ఆ పాటలు పాడిన వాళ్ల భుజాల నొప్పిని ఎవరూ సేకరించలేదు. 'రామారావు బియ్యం' రేషన్ విధానం మాత్రమే కాదు, ఎందరో ఆడవాళ్ల చేతుల్లోంచి రాయి దించిన సంగతి కూడా. తిండి చరిత్రను పంటల లెక్కల్లోంచి రాస్తే ఒక కథ వస్తుంది, రాయి తిప్పిన చేతి నుంచి రాస్తే ఇంకో కథ. రెండూ నిజమే కావడం వల్ల నాకు ఈ వ్యాసం రాయడం కష్టమైంది.

ఇక్కడ సినిమా దగ్గరకు వస్తాను. జూబ్లీహిల్స్‌లో తిండి గురించి మాట్లాడుతూ సినిమాను తప్పించుకోలేం. పైగా విమర్శకు కావలసిన పనిముట్టు ఒకటి నాకు జొన్నరొట్టె స్త్రీల దగ్గరే దొరికింది.

1990ల చివర్లో పస్తాపూర్ సంఘాల స్త్రీలు వీడియో కెమెరా నేర్చుకున్నారు. బడి మొహం చూడని వాళ్లు చాలామంది అందులో ఉన్నారు. వరంగల్ బీటీ పత్తి రైతుల మీద వాళ్లు తీసిన సినిమా ఎన్నో దేశాలు తిరిగింది. 2008 అక్టోబరు 15న మాచనూరులో ఇద్దరు నర్సమ్మలు, జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ, సంఘం రేడియోను మాట్లాడించడం మొదలుపెట్టారు. అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది కెమెరా కోణాలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు. ఎత్తు నుంచి కిందికి చూస్తే అది 'పటేల్ షాట్', ఎందుకంటే గద్దె మీద కూర్చున్న పటేలు మనల్ని అలాగే చూస్తాడు. కింది నుంచి పైకి తలెత్తి చూస్తే అది బానిస చూసే చూపు, దానికి ఆ పేరే. కంటికి కన్ను సమానంగా ఉంటే అది 'సంఘం షాట్', సంఘంలో అందరూ చాప మీదే కూర్చుంటారు గనక. చూపుకీ అధికారానికీ ఉన్న సంబంధం మీద నేను పీహెచ్‌డీలో మూడేళ్లు ఇంగ్లీషు పుస్తకాలు చదివాను. ఇంత తక్కువ మాటల్లో ఎక్కడా దొరకలేదు.

ఈ పేర్లతో 'మాయాబజార్' (1957) చూడండి. ఘటోత్కచుడి విందు తెలుగువాళ్ల తిండి ఊహకు శిఖరం. మార్కస్ బార్ట్‌లే కెమెరా మాయలో వంటకాలు వాటంతటవే లేచి ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్తాయి. పిల్లలం చప్పట్లు కొట్టాం, ఇప్పటికీ కొడతాను. కానీ ఆ మాయలో మాయమైంది వండిన చేయి. గంగాళాలు ఉన్నాయి, పిండివంటల జాబితా ఉంది, తినేవాడి మహాకాయం ఉంది. ప్రేక్షకులం ఆ రాశుల ముందు, ఆ మహాకాయం ముందు తలెత్తుకొని కూర్చుంటాం. ఆ జాబితాలో జొన్నల జాడ లేదని వేరే చెప్పక్కర్లేదు. తెలుగుతనం పేరిట తెర మీద ఎక్కువగా వడ్డించింది నీళ్లున్న జిల్లాల విస్తరినే. అదే సినిమాలో కృష్ణుడిగా కనిపించిన నటుడు ఇరవై ఆరేళ్ల తర్వాత నిజంగానే బియ్యం పంచాడు. అక్షయపాత్ర ద్రౌపదిది, మెతుకు తిని అందరి కడుపులూ నింపిన కీర్తి కృష్ణుడిది. ఆంధ్రప్రదేశ్‌లో 'అన్న క్యాంటీన్' అన్న పేరు చూసినప్పుడల్లా నాకు ఈ కథే గుర్తొస్తుంది. మన భాషలో అన్నకూ అన్నానికీ మధ్య దూరం ఒక్క సున్నా. ఆడపడుచు మాత్రం ఎప్పుడూ పుచ్చుకునే వైపే.

ఇక 'బలగం' (2023). వేణు యెల్దండి తీసిన ఈ సినిమాలో తెలంగాణ తిండి వెనక అలంకారంగా కాకుండా కథ నడుమకే వచ్చింది. విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన మాట పట్టింపుతో బావ, బావమరిది ఏళ్ల తరబడి విడిపోతారు. ముసలాయన కొమురయ్య చనిపోతే పెట్టిన కూడును పిట్ట ముట్టదు. చూసిన వాళ్లంతా ఏడ్చారు, ఊళ్లలో తెరలు కట్టి మరీ చూశారు. నేనూ ఏడ్చాను. ఏడ్చాక ఆలోచిస్తే, ఆ బొక్కతో ఏ సంబంధమూ లేని మనిషి లక్ష్మి. పౌరుషాలు నారాయణవీ ఐలయ్యవీ. పుట్టిల్లు పోయింది ఆమెకు. తండ్రి ముఖం చూడకుండా గడిచిన ఏళ్లు ఆమెవి. సినిమా ఆమె నష్టాన్ని చూపిస్తుంది, కోపాన్ని మాత్రం అడగదు. తప్పు ఒప్పుకొని ఏడవడం మగవాళ్ల వంతు, క్షమించడం ఆమె వంతు. అయినా చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే కెమెరా ఏడ్చే ముఖాల ఎత్తుకు దిగుతుంది. ఫిల్మ్‌నగర్ సినిమాల్లో నేను చూసిన అరుదైన సంఘం షాట్లలో అదొకటి. పాడేవాళ్లు బుడగ జంగాల మనుషులు కావడం, ఆ పాట వాళ్ల నోటినుంచే రావడం వల్ల అది సాధ్యమైందని నా అభిప్రాయం.

ఆ 2023 విచిత్రమైన ఏడాది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించింది. ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో వాటికి 'శ్రీ అన్న' అని పేరు పెట్టారు. మార్చి 19న, పస్తాపూర్ సంఘాల వెంట నాలుగు దశాబ్దాలు నడిచిన పి.వి. సతీశ్ కన్నుమూశారు. వానలేకుండా, మంచుకే పండే పంటలను ఆ ఊళ్ల స్త్రీలు 'సత్యం పంటలు' అంటారు. ఆ పేరు ఏ బడ్జెట్టుకూ అందలేదు. జొన్న కూడా గౌరవం పొందాలంటే ముందు 'అన్నం' కావాలి, దానికి ముందు ఒక 'శ్రీ' తగలాలి! దళిత స్త్రీలు దాచి కాపాడిన విత్తనానికి పైనుంచి నామకరణం చేయడాన్ని నేను పటేల్ షాట్ అనే అంటాను.

పేర్ల సంగతి వచ్చింది గనక మొన్నటి ఉపఎన్నిక గురించీ ఒక మాట. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ శాసనసభ స్థానానికి పోలింగు జరిగింది. టీవీల్లో పేరు విన్నవాళ్లకు బంగళాలు కళ్ల ముందు మెదిలి ఉంటాయి. నిజానికి ఆ నియోజకవర్గమంటే బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ బస్తీలు. బంగళాల జూబ్లీహిల్స్‌లో పెద్ద భాగం, ఫిల్మ్‌నగర్ సహా, ఓటేసేది ఖైరతాబాద్‌లో. పేరు కొండ మీదిది, వరసలో నిలబడ్డ కాళ్లు కింది బస్తీలవి. ఆ ఏడాది ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన సన్నబియ్యం, మనిషికి నెలకు 6 కిలోలు, నేను విన్న ప్రతి ప్రచారంలోనూ ఉంది. ఇచ్చామని ఒకరు, హాస్టళ్లకు ముందే మేమిచ్చామని మరొకరు. అంతకు మూడు నాలుగేళ్ల ముందు ఇవే వడ్లు ఎవరు కొనాలని రాష్ట్రమూ కేంద్రమూ రోడ్డెక్కి కొట్లాడుకున్నాయి. ఈ మొత్తం సంభాషణలో వండే మనిషి ఎప్పుడైనా మాట్లాడిందా? ఆమె వేదిక కింద కూర్చొని తలెత్తి చూస్తుంటుంది. ఆ చూపుకు సంఘం వాళ్లు పెట్టిన పేరు పైన చెప్పాను. చివరికి ఓటేసిన వాళ్లు సగానికి తక్కువే.

ఇంత చెప్పాక నా పెంక కింద మంట కూడా చూసుకోవాలి. నా సిద్ధాంతగ్రంథంలో ఒక అధ్యాయం స్త్రీవాద కవిత్వంలో వంటింటి మీద. విమల 'వంటిల్లు' నుంచి మొదలుపెట్టి, వంటిల్లు ఎలా చెర అయిందో ఉత్సాహంగా రాశాను. మంచి మార్కులే వచ్చాయి. 'నల్లపొద్దు' లాంటి సంకలనాలు, జాజుల గౌరి 'మన్నుబువ్వ' అప్పటికే చదివి ఉన్నాను. వంటిల్లన్న గదే లేని ఇళ్ల గురించి దళిత స్త్రీలు అడిగిన ప్రశ్నలను ఒక పేరాలో 'మరొక కోణం' అని ప్రస్తావించి ముందుకు వెళ్లిపోయాను. మరొక కోణమట! ఎక్కడ నిలబడి చూస్తే అది 'మరొకటి' అయింది? ఆ అధ్యాయం నిండా అన్నం ఉడుకుతూనే ఉంది, ఎసరు పొంగుతూనే ఉంది. మా అమ్మమ్మ వాళ్లది వికారాబాద్ వైపు ఊరు. మూడు రాళ్ల పొయ్యి, పెంక, ఇసుర్రాయి నా ఇంటి చరిత్రలోనే ఉండగా నా పరిశోధనలో ఒక్క రొట్టె లేదు.

గ్రంథాన్ని పుస్తకంగా తెద్దామని ఈ మధ్య అడిగారు. ఆ అధ్యాయం దగ్గరే ఆగి ఉన్నాను. జొన్నరొట్టెను పోగొట్టుకున్న సంస్కృతిగా రాస్తే అమ్మకు అన్యాయం, బియ్యాన్ని విముక్తిగా రాస్తే మాచనూరు నర్సమ్మలకు అన్యాయం.

అమ్మకు పోయిన ఏడు షుగరని తేలింది. డాక్టరు రాత్రిపూట జొన్నరొట్టె తినమన్నారు. కృష్ణానగర్ నుంచి నాలుగు కట్టించుకొని వెళ్లి పళ్లెంలో పెడితే, అమ్మ వాటిని చాలాసేపు చూసి "మళ్ల గివేనా?" అంది. తిన్నాక, బాగానే కొట్టింది, అంచు కాలలేదు అని తీర్పు చెప్పింది. ఇదే అదను అనుకొని ఇసుర్రాయి పాటలేమన్నా యాదికున్నాయా, రాసుకుంటా అన్నాను.

"పాటలు యాదికి లెవ్వు బిడ్డా" అంది. "రామారావు బియ్యం వచ్చినంక పొద్దెక్కేదాంక పండుకున్నం జూడు, మా అమ్మ, నేను. అది యాదికుంది. రాసుకుంటె అది రాసుకో."