తొట్టిలో నిమ్మ: మిద్దె మీది తోటవిద్య

మిద్దె మీద మట్టితొట్టిలో నిమ్మచెట్టును బతికించడం వేరు, దాన్ని ఏటేటా నిండుగా కాయించడం వేరు. మొదటిది ఓపిక ఉన్న ఎవరికైనా చేతనవుతుంది గానీ, రెండవది తల్లిచెట్టు ఎంపిక మొదలుకొని వేళ్ల కత్తిరింపు వరకు తోటవిద్యలోని ప్రతి మెలకువనూ మూరెడు స్థలంలో చేసి చూపవలసిన పని. ఈ విద్యకు రేణిగుంట చుట్టుపక్కల ఉన్నంత అనుకూలత మరో చోట లేదంటే అతిశయోక్తి కాదు. ఈ జంక్షన్ నుంచి గుంతకల్లు వైపు సాగే రైలుమార్గంలో పండ్లమొక్కల నర్సరీలకు పేరుమోసిన రైల్వే కోడూరు ఉంది, తూర్పుగా వెళ్లే మార్గం చివర నిమ్మకాయల వ్యాపారానికి పేరుమోసిన గూడూరు ఉంది, పక్కనే తిరుపతిలోనూ, వెంకటగిరి దగ్గరి పెట్లూరులోనూ నిమ్మజాతి పంటల పరిశోధన స్థానాలు ఉన్నాయి. ఇంత విద్య చేరువలో ఉన్న ఊళ్లలోనే నిమ్మతొట్లు కొన్న ఏడాదిలోపే ఎండుకట్టెలవుతుంటే, లోపం నేలదీ కాదు, ఎండదీ కాదు.

నిమ్మ పుట్టుపూర్వోత్తరాలను గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. ఈశాన్య భారతం, దాని చుట్టుపట్ల అడవులు నిమ్మజాతికి పుట్టినిళ్లలో ఒకటని శాస్త్రజ్ఞులు చెబుతారు, బావి ఉన్న ప్రతి పెరట్లోనూ ఒకప్పుడు నిమ్మచెట్టు ఉండేదని పెద్దలు చెబుతారు. ఐరోపావారు పెంచే దళసరి తొక్క, కొనదేరిన పసుపుపచ్చ కాయ వేరు, పలచని తొక్కతో గుండ్రంగా, గోటితో గిల్లితేనే ఘుమఘుమలాడే తెలుగునాటి పుల్లనిమ్మ వేరు. తిరుపతి స్థానం నుంచి వచ్చిన ‘బాలాజీ’, పెట్లూరు స్థానం నుంచి వచ్చిన ‘పెట్లూరు సెలెక్షన్-1’ ఈ పుల్లనిమ్మలోని మేలైన ఎంపికలు. వాటిలో బాలాజీ గజ్జి తెగులును బాగా తట్టుకుంటుంది. తిరుమల కొండ నీడలోనే పుట్టిన ఇటువంటి రకం చేతికందేంత దూరంలో ఉండగా, పరాయి రకాల కోసం పడే ఆరాటంలో అర్థం కనిపించదు.

తొట్టినిమ్మకు ప్రాణం దాని మొదలు. నిమ్మను మూడు విధాలుగా వృద్ధి చేస్తారు. మొదటిది గింజ, నిమ్మగింజలో ఒకటికి మించి పిండాలు ఉంటాయి గనుక, తల్లి కణజాలం నుంచి పుట్టిన మొలకలు అచ్చంగా తల్లినే పోలి ఉంటాయి, పైగా నిమ్మతోటలను క్షీణింపజేసే ట్రిస్టెజా అనే వైరస్ గింజ ద్వారా సోకదు. ఆంధ్ర రైతులు తరతరాలుగా గింజమొక్కలనే నమ్ముకోవడం అందువల్లనే, అయితే అది కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, దాని తల్లివేరు తొట్టిలో ఇమడదు. రెండవది కన్ను అంటు, అంటే వేరొక మొక్కను వేరుమూలంగా పెట్టుకొని దాని కాండంలో మంచి రకం మొగ్గను అతికించడం. ఇందుకు వాడే రంగపూర్ నిమ్మ బెట్టనూ, నీటిలోని ఉప్పునూ కొంత ఓర్చుకుంటుంది. మూడవది గాలి అంటు, దీన్నే గూటీ అంటు అని కూడా అంటారు.

తొట్టికి గాలి అంటును మించినది లేదు, ఆ అంటు కట్టే చేతి పనితనం చూడవలసినదే గాని మాటల్లో చెప్పలేనిది. వానాకాలంలో పెన్సిలంత లావున్న ఆరోగ్యమైన కొమ్మను ఎంచుకొని, అంగుళం మేర బెరడును ఉంగరంలా ఒలిచి, లోపలి జిగురుపొరను కత్తి వెన్నుతో శుభ్రంగా గీకి, తడిపి పిండిన నాచును గుప్పెడు చుట్టి, పాలిథిన్ కాగితంతో గాలి చొరకుండా రెండు కొసలా బిగిస్తారు. ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగే దారి తెగిపోవడంతో అది ఒలిచిన చోటి పై అంచున నిలిచిపోయి, నెలన్నర రెండు నెలల్లో అక్కడ తెల్లని వేళ్లు తొడుగుతాయి. జిగురుపొర కాస్త మిగిలినా బెరడు మళ్లీ అతుక్కుంటుంది, కత్తి కాస్త లోతుకు దిగినా కొమ్మ ఎండుతుంది. ఆ రెండింటి నడుమ కత్తిని అలవోకగా నడిపే కోడూరు నర్సరీల పనివారు, తమ పేరు ఏ పుస్తకానికీ ఎక్కకపోయినా, ఈ విద్యకు నిజమైన ఆచార్యులు. అటువంటి అంటుకు తల్లివేరు ఉండదు, పీచువేళ్లే ఉంటాయి. రెండు మూడేళ్లలో కాపుకు వస్తుంది, తల్లి గుణాన్ని పొల్లుపోకుండా తెస్తుంది. తల్లికున్న రోగాన్ని కూడా అంతే నమ్మకంగా తెస్తుంది గనుక, ఎంచుకునే తల్లిచెట్టు మచ్చలేనిదై ఉండాలి.

తొట్టి విషయంలో మట్టిదే మేలు. పలమనేరు కుమ్మరుల చేతిలో కాలిన మట్టి తన చెమ్మను గోడల గుండా ఆవిరి చేస్తూ వేళ్లను చల్లగా ఉంచుతుంది. నల్ల ప్లాస్టిక్ తొట్టి రేణిగుంట మే నెల ఎండకు పడమటి వైపు కాగిపోయి, ఆ పక్క వేళ్లను ఉడికిస్తుంది. పద్దెనిమిది అంగుళాల వెడల్పున్న తొట్టిని ఇటుకల మీద నిలిపి, అడుగు రంధ్రాలపై పెంకులు పరచి, ఎర్రమన్ను రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చి నింపాలి. మొదలు చుట్టూ నీరు నిలిస్తే బంక తెగులు, అంటే కాండం పగిలి జిగురు కారుతూ బెరడు కుళ్లే జబ్బు, తప్పదు గనుక మొదలు దగ్గర మన్ను కాస్త ఎత్తుగా ఉండాలి. వేలు రెండు కణుపుల లోతుకు దింపినప్పుడు పొడిగా తగిలితేనే నీరు పోయాలి, పోసినప్పుడు అడుగు నుంచి కారేదాకా పోయాలి. బోరునీటి ఉప్పు తొట్టి గోడలపై తెల్లగా పేరుకుంటే అది హెచ్చరిక. వాననీటితో మన్నును ఒకసారి కడిగేస్తే చెట్టు తేరుకుంటుంది. ఈనెలు ఆకుపచ్చగా ఉండి వాటి నడుమ భాగం పసుపుబారి, కొత్త ఆకులు చిన్నవైతే అది చాలావరకు జింకు లోపమే.

ఈ విద్యకు శిఖరం బెట్ట పెట్టడం. కొంతకాలం నీరు ఆపి చెట్టు ఎదుగుదలను నిలిపి, ఆ తర్వాత నీరు, ఎరువు ఇచ్చి ఒక్కసారిగా పూతకు రప్పించడాన్ని బెట్ట అంటారు. పూత నుంచి కాయ చేతికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది గనుక, మార్చి, ఏప్రిల్ నెలల్లో కాయ కావాలంటే సెప్టెంబరు, అక్టోబరులలో పూత రావాలి. అయితే సరిగ్గా అప్పుడే ఈ ప్రాంతానికి వానలు ముదురుతాయి, పొలంలోని రైతు వానను ఆపలేక జిబ్బరెల్లిక్ ఆమ్లం, సైకోసిల్, పొటాషియం నైట్రేట్ వంటి మందులను వరుసగా చల్లుకోవలసి వస్తుంది. తొట్టిని మాత్రం చూరు కిందికి జరిపితే చాలు, ఆకులు వాలి కొన్ని రాలేదాకా నీరాపి, మళ్లీ కొంచెం కొంచెంగా తడి పెంచుకుంటూ పోతే కొమ్మ కొమ్మకూ తెల్లని మొగ్గలు విచ్చుకుంటాయి. పెద్ద తోటల యజమానులకే కష్టసాధ్యమైన పనిని మిద్దె మీది ఇల్లాలు ఏ మందూ లేకుండా సాధించగలగడం తొట్టిసాగుకున్న అసలైన గొప్పతనం. వేసవిలో ధర మండిపోయే వేళ చిత్రాన్నానికీ, షర్బత్‌కూ, తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరనాటి దండకూ సొంత చెట్టు కాయ అందడం చిన్న భాగ్యం కాదు.

శత్రువుల విషయంలో కన్నే మొదటి మందు. లేత ఆకుల్లో వెండిగీతల్లా పాకే ఆకుతొలుచు పురుగు చేసిన గాయాల్లోంచే వానచుక్కల వెంట గజ్జి తెగులు చొరబడుతుంది. తెగులు కొమ్మలను కత్తిరించి కాల్చివేసి, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సిక్లోరైడ్ కలిపి చల్లితే అది అదుపులోకి వస్తుంది. పిట్టరెట్టలా ఆకుపై అతుక్కుని కనిపించేది నిమ్మ సీతాకోకచిలుక పిల్లపురుగు, దాన్ని చేత్తో ఏరివేయడమే తగిన వైద్యం. రెండు మూడేళ్లకొకసారి వానల ఆరంభంలో చెట్టును పెకలించి, చుట్టలు చుట్టుకున్న వేళ్లను అంచుల వెంట తరిగి, కొత్త మన్నుతో మళ్లీ నిలబెట్టాలి. భయపడి ఈ పని మానినవారి చెట్లే గిడసబారతాయి.

ఇది చిన్నవారి కాలక్షేపమని చులకన చేసేవారు ఘనులు సాధించినది గుర్తుచేసుకోవాలి. ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజప్రాసాదంలో 1684-86 మధ్య ఆర్దువాఁ మాన్సార్ కట్టిన శీతాకాలపు శాలలో నారింజ, నిమ్మ మొదలైన వెయ్యికి పైగా చెట్లు నేటికీ చెక్కపెట్టెల్లోనే బతుకుతున్నాయి, వాటిలో కొన్ని రెండు శతాబ్దాలు దాటినవి. తెలుగునాట కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదు శివారు నారపల్లిలో తమ ఇంటిమీద పండించి చూపి మిద్దెతోటను ఒక ఉద్యమంగా మలిచారు. అల్వాలు రైతు, 2020 పద్మశ్రీ పురస్కార గ్రహీత చింతల వెంకటరెడ్డి అలసిన పైమన్నుకు లోతుమన్నుతో బలం చేకూర్చవచ్చని నిరూపించారు. ఏటా తొట్టి పైపొర గీకి కొత్త లోతుమన్ను వేసే ఇల్లు ఆ సూత్రాన్నే పాటిస్తున్నట్టు.

ఇంతటి విద్య కళ్లెదుటే దిగజారుతుండటం సహించరానిది. రోడ్ల పక్కన కాయలతో నిగనిగలాడుతూ అమ్మకానికి నిలబడే మొక్కల్లో చాలావాటికి తల్లి ఏదో, వేరుమూలం ఏదో అమ్మేవాడికే తెలియదు. కొబ్బరిపొట్టులో ఎరువుల బలంతో పెంచిన ఆ మొక్క ఇంటికి చేరగానే కాయ రాల్చి, ఆకు రాల్చి, అతుకు కింది నుంచి పొడుచుకొచ్చిన అడవి పిలకకు చోటిచ్చి చస్తుంది. కొన్నవారు తమ చేయి మంచిది కాదనుకొని ఆ తొట్టిలో ప్లాస్టిక్ పూలు గుచ్చుతారు. అంటు పేరుతో మోసాన్ని అమ్మడం ఒక దారుణమైతే, నిమ్మ ఉప్పు చల్లిన అన్నాన్ని చిత్రాన్నమని వడ్డించి కొత్త తరానికి అసలు పులుపునే మరపించడం అంతకు మించిన దారుణం.

దీనికి విరుగుడు దూరంలో లేదు. 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం పరిధిలోని తిరుపతి, పెట్లూరు స్థానాలు రైతులతో పాటు మిద్దెతోటల వారికీ నమ్మకమైన తల్లిచెట్ల అంటులను విరివిగా అందించాలి. నర్సరీలు ప్రతి మొక్కకూ రకం, వేరుమూలం, అంటు కట్టిన నెల రాసిన చీటీ కట్టాలి. రేణిగుంట బడుల్లో పిల్లల చేత ఏడాదికొక గాలి అంటు కట్టించాలి. కొనేవారు కాయలను చూసి మురిసిపోకుండా మొదలు వంగి చూసి, తల్లిచెట్టు ఏదని నిలదీసి అడగాలి; ఆ ప్రశ్నకు జవాబు లేని మొక్కను, అది ఎంత చవకైనా సరే, ఇంటికి తీసుకుపోకూడదు.