చేవెళ్ళ మఱ్ఱిచెట్లు – పదకొండు రెట్ల కటకము

ప్రయాణమునకు కెమెరా కొనదలచిన వారికి అంగళ్ళలో తఱచుగా వినవచ్చు సలహా ఇది: అన్నిటికి పనికివచ్చు జూమ్ కటకము ఒకటి చాలును, వేరొకటి అక్కరలేదు. ఈ మాట ఎంతవరకు నిజమో తేల్చుటకు మొయినాబాదు నుండి చేవెళ్ళకు పోవు రహదారి మంచి పరీక్షాస్థలము. హైదరాబాదు–బీజాపూరు మార్గమున ఇరుప్రక్కల పెద్ద మఱ్ఱిచెట్లు వరుసదీరి పెరిగినవి. రహదారిని వెడల్పు చేయు పథకము వచ్చినపుడు వీని రక్షణను గూర్చిన వివాదము జాతీయ హరిత ట్రిబ్యునల్ వరకు పోయినది. కావున ఇచ్చట తీయు ఛాయాచిత్రము కంటికి ఇంపుగా నుండిన చాలదు. ఏ చెట్టు ఏ స్థితిలో నున్నదో చూపు సాక్ష్యము కావలెను.

నాభ్యంతరమును మార్చుకొనగల కటకమే జూమ్ కటకము. 35 మిల్లీమీటర్ల ఫిలిము కెమెరాల కొఱకు 1959లో వెలువడిన ఫోక్ట్‌లెండర్ జూమార్ 36 నుండి 82 మిల్లీమీటర్ల వరకు, అనగా రెండు రెట్లకు కొంచెము మించి, మారెడిది. 2005లో నికాన్ సంస్థ ప్రకటించిన కటకము 18 నుండి 200 వరకు, అనగా 11 రెట్లు మారును. చాలమంది దీనిని “11 రెట్లు దగ్గరగా చూపును” అని గ్రహింతురు. అది పొరపాటు. ఆ సంఖ్య రెండు కొసల నిష్పత్తి మాత్రమే. ఏ కొస ఎచ్చట నున్నదో అది చెప్పదు.

మఱ్ఱిచెట్టు వద్ద కావలసినది చిన్న కొస. కెమెరాలోని గ్రాహకము వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, చెట్టు విస్తారము 26 మీటర్లు అనుకొందము. 18 మిల్లీమీటర్ల వద్ద చెట్టంతయు పట్టవలెనన్న 20 మీటర్ల దూరము చాలును. 24 వద్ద 26 మీటర్లకు మించి వెనుకకు జరుగవలెను. 16 వద్ద 18 మీటర్లలోపే పని ముగియును. లారీలు, బస్సులు వేగముగా పోవు రహదారిపై ఈ ఆరేడు మీటర్లు చిన్న విషయము కాదు. వ్యూఫైండరులో కన్నుంచి వెనుకకు నడచు విద్యార్థికి వెనుక వచ్చు వాహనము కనబడదు.

ఇక వెలుతురు. నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముచే భాగింపగా వచ్చు సంఖ్య ఈ కటకమునకు 18 వద్ద 3.5, 200 వద్ద 5.6. వెలుతురు ఈ సంఖ్య వర్గమునకు విలోమముగా మారును గనుక పొడవు కొసన సుమారు రెండున్నర రెట్లు తగ్గును. మఱ్ఱినీడలో సెకనులో 60వ వంతు చాలినచోట 25వ వంతు కాలము కావలసివచ్చును. కాని 200 వద్ద చేతి వణుకు కనబడకుండవలెనన్న సుమారు 300వ వంతు ఉండవలెనని వాడుక. వణుకును సరిదిద్దు యంత్రాంగము కొంత ఆదుకొనును. అయితే అది చేతిని నిలుపును గాని, గాలికి ఊగు ఊడను నిలుపలేదు!

పొడవు కొస పక్షులకైన పనికివచ్చునా? సమీపముననున్న హిమాయత్ సాగర్ ఒడ్డున 40 మీటర్ల దూరములో 20 సెంటీమీటర్ల పక్షి వాలినచో 200 వద్ద గ్రాహకముపై పడు ప్రతిబింబము 1 మిల్లీమీటరు మాత్రమే. గుర్తించుటకు చాలునేమో, ఈకలను పరిశీలించుటకు చాలదు.

ఇంత విస్తృతికి గాజుబిళ్ళలు కూడ ఎక్కువ కావలెను. నికాన్ వారు 16 అమర్చిరి. అయినను 18 వద్ద సరళరేఖలు పీపావలె ఉబ్బును. చిత్రపు అంచునకు వచ్చిన కాండమును కొలిచినచో కొలత తప్పును.

ఒక్క సుగుణమును మాత్రము ఒప్పుకొనక తప్పదు. దుమ్ము రేగు దారిలో కటకము మార్చ పనిలేకుండుట గొప్ప సౌకర్యము. అయినను ఆ సౌకర్యమునకు 11 రెట్లు అవసరము లేదు. 16–80 వంటి కటకము ఈ దారికి ఎక్కువ తగినది. పాఠశాలలో 18–55 ఇదివరకే ఉన్నచో క్రొత్తది కొననే అక్కరలేదు. కాండమును చిత్రము మధ్యలో ఉంచి, దానికి మీటరు బద్దను ఆనించి తీయవలెను. మరుసటి సంవత్సరము అదే స్థలము నుండి, అదే నాభ్యంతరముతో మరల తీయవలెను.