కె.జి.ఎఫ్. సినిమాలో దుమ్ము

ప్రశాంత్ నీల్ తీసిన 'కె.జి.ఎఫ్. చాప్టర్ 1' 2018 డిసెంబరులో వచ్చింది. మా తరగతిలో రాకీ డైలాగులు రానివాళ్లు లేరు. మన కోలారు జిల్లా గనుల పేరు పెట్టుకున్న సినిమా కాబట్టి దాని గురించి రాస్తున్నాను.

ముందు బాగున్నది చెప్తాను. భువన్ గౌడ కెమెరా పనితనం గొప్పది. ఆ నల్లటి మట్టి, దుమ్ము పట్టిన ముఖాలు చూస్తుంటే మనకే ఊపిరాడనట్టు ఉంటుంది. ఫైట్లకు జాతీయ అవార్డు కూడా వచ్చింది.

నా అభ్యంతరం ఆ దుమ్ము గురించే. సినిమాలో అది చూడటానికి మాత్రమే ఉంది. నిజం గనుల్లో బండను డ్రిల్ చేస్తే కంటికి కనిపించనంత సన్నటి సిలికా దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోయి వాటిని గట్టిపరుస్తుంది. ఆ జబ్బే సిలికోసిస్. నయం కాదు. దానివల్ల టి.బి. కూడా తొందరగా వస్తుంది. 1940 నుంచి 1946 వరకు కోలారు గనుల్లో 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే నూటికి 43 మందికి పైగా ఈ జబ్బు బయటపడింది.

"అది కల్పిత కథ కదా!" అని నా స్నేహితులు అన్నారు. నిజమే, నరాచి కల్పితమే. అక్కడ జనం బానిసలు, తుపాకులకు చస్తారు. కానీ అసలు కె.జి.ఎఫ్.లో జీతాలిచ్చే కంపెనీ ఉంది, ఆసుపత్రి ఉంది, 1902లోనే కరెంటు వచ్చింది. అన్నీ ఉన్నచోటే ఇంతమంది ఊపిరి పాడైంది. నాకు ఇదే ఎక్కువ భయం వేసింది. గరుడను చంపితే నరాచి కథ తీరిపోతుంది. దుమ్మును ఏ హీరో నరుకుతాడు?

అమెరికాలో 1920ల నాటి సంగతి కూడా ఇలాంటిదే. గడియారాలకు రేడియం రంగు వేసే అమ్మాయిలు కుంచెను పెదాలతో మొన చేసుకునేవారు. ఏమీ కాదని వాళ్లకు చెప్పారు. తర్వాత దవడ ఎముకలు పుచ్చిపోయాయి. కోర్టుకు వెళ్తే 1928లో పరిహారం దొరికింది. అక్కడా విలన్ కత్తి పట్టుకొని రాలేదు.

రెండున్నర గంటల సినిమాలో గని దుమ్ముకు దగ్గే మనిషి కథ ఒక్కటి పెట్టి ఉంటే మన జిల్లా పేరుకు న్యాయం జరిగేది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మీ ఇంట్లో గనిలో పనిచేసిన తాతయ్య ఉంటే, బంగారం సంగతి తర్వాత, ముందు ఆయన ఊపిరి ఎలా ఉందో అడగండి.