కిరీటం పెట్టగానే ఆగిపోయే కథ
(నీనా దావులూరి గెలిచిన ‘మిస్ అమెరికా’ టీవీ ప్రసారంపై ఒక విమర్శ)

సినిమాకు విమర్శ రాస్తారు, నవలకు రాస్తారు. అందాల పోటీ టీవీ ప్రసారానికి కూడా విమర్శ ఏంది అని మీకు అనిపించవచ్చు. కానీ ఆ కార్యక్రమాన్ని కాస్త శ్రద్ధగా చూస్తే అది కూడా సినిమాలాగే కట్టిన కథ అని తెలుస్తుంది. అందులో నాయిక ఉంటుంది, పాటా డాన్సూ ఉంటాయి, చివర్లో ఎవరు గెలుస్తారో అనే ఉత్కంఠ ఉంటుంది. ‘శుభం’ కార్డు పడాల్సిన చోట కిరీటం పెడతారు. అమెరికాలో 1954లోనే మిస్ అమెరికా పోటీని మొదటిసారి టీవీలో చూపించారు. అప్పటి నుంచి కోట్లమంది దీన్ని కథలాగే చూశారు. కాబట్టి కథను అడిగే ప్రశ్నలు దీన్ని కూడా అడగవచ్చు: ఇది ఏం చూపించింది? ఏం దాచింది? ఎక్కడ ఆపేసింది?

నేను తీసుకున్నది 2013 సెప్టెంబరు 15, ఆదివారం రాత్రి అట్లాంటిక్ సిటీలో జరిగిన పోటీ. 53 మంది అమ్మాయిలు పాల్గొన్నారు. చివరికి వేదిక మీద ఇద్దరు మిగిలారు. ఒకరు కాలిఫోర్నియా తరఫున వచ్చిన క్రిస్టల్ లీ, ఇంకొకరు న్యూయార్క్ తరఫున వచ్చిన నీనా దావులూరి. ఇద్దరి కుటుంబాల మూలాలూ ఆసియాలోనే ఉన్నాయి. నీనా గెలిచింది. ముందటి విజేత మ్యాలరీ హేగన్ ఆమెకు కిరీటం పెట్టింది. నీనాకు అప్పుడు 24 ఏళ్లు. భారత సంతతి అమ్మాయి మిస్ అమెరికా కావడం అదే మొదటిసారి. అమ్మానాన్నలు తెలుగువాళ్లు, నాన్న డాక్టరు. చిన్నప్పుడు సెలవులకు విజయవాడ వచ్చి అవ్వ దగ్గర ఉండేది. ఇంకేం, మన పేపర్లలో, టీవీల్లో ‘మన తెలుగమ్మాయి’ అని పండగ చేశారు.

ముందు మంచి చెప్పాలి. ఆ కార్యక్రమంలో నీనా రెండు పనులు బాగా చేసింది. ఒకటి, ప్రతిభ చూపే భాగంలో మన డాన్సు చేసింది. ఆ వేదిక మీద అలాంటి డాన్సు చాలామంది అమెరికన్లు చూసి ఉండరు. ఆమె సిగ్గుపడలేదు, ఇది ఏమిటో వివరించి చెప్పాలని తడబడలేదు. రెండు, ప్రశ్న అడిగే భాగం. ఒక టీవీ యాంకరమ్మ కళ్ల ఆకారం మార్చుకోవడానికి ఆపరేషన్ చేయించుకున్న సంగతి గురించి అడిగారు. నీనా ఆ ఆపరేషన్ తనకు సమ్మతం కాదని చెప్పింది, కానీ చేయించుకున్న మనిషిని తక్కువ చేసి మాట్లాడలేదు. మనం ఎలా ఉన్నామో అలాగే ధైర్యంగా ఉండటం ముఖ్యం అనే అర్థం వచ్చేలా జవాబిచ్చింది. కొన్ని క్షణాల్లో అంత నిదానంగా మాట్లాడటం మన వక్తృత్వ పోటీల్లో పాల్గొన్న ఎవరికైనా ఎంత కష్టమో తెలుసు.

ఇక లోపాల సంగతి. ఆ డాన్సులో కూచిపూడి ఉంది, కానీ పాట మాత్రం ‘ఓం శాంతి ఓం’ అనే హిందీ సినిమాది. దాన్ని ‘బాలీవుడ్’ డాన్సు అన్నారు. సమయం సుమారు ఒకటిన్నర నిమిషం. మన భామాకలాపం తెల్లవార్లూ ఆడే నాటకం. సిద్ధేంద్ర యోగి రాశాడని చెప్పే ఆ కథలో సత్యభామ తన అందాన్ని చూసుకుని గర్వపడుతుంది, ఆ గర్వం వల్లనే బాధపడుతుంది, చివరికి తన్ను తాను తెలుసుకుంటుంది. ఒకప్పుడు కూచిపూడిలో ఆడవాళ్లకు చోటే లేదు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి లాంటి మగవాళ్లే సత్యభామ వేషం కట్టి మెప్పించారు. అలాంటి కళను ఒక అమ్మాయి అమెరికా దాకా తీసుకుపోయిందంటే దాని వెనుక ఎంతో చరిత్ర ఉంది. టీవీ ఆ చరిత్రలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు. తెలుగు అనే మాట వినపడలేదు. చూసేవాళ్లకు తెలిసిన పేరు ‘బాలీవుడ్’ కాబట్టి ఆ పేరే తగిలించారు.

దీన్ని సండూరులో తెలుగు మీడియం చదివే మనం తేలికగా అర్థం చేసుకోగలం. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థమయ్యేదే ముందు పెట్టి, మన సొంతది వెనక దాచుకోవడం తక్కువమంది ఉన్న ప్రతిచోటా జరిగేదే. బస్సులో కన్నడం, బడిలో తెలుగు, ఇంట్లో రెండూ కలిసిన మాట. అందుకే నేను నీనాను తప్పు పట్టను. ఒకటిన్నర నిమిషంలో తన ఇంటి గురించి చెప్పాలంటే ఎవరైనా అంతే చేస్తారు. ఆ గడియారం పెట్టిన కార్యక్రమానిదే తప్పు.

రెండో లోపం ఇంకా పెద్దది. కిరీటం పెట్టి, చప్పట్లు కొట్టి, పువ్వులిచ్చి ప్రసారం ఆపేశారు. ‘అమెరికా అందరిదీ’ అనే సంతోషంతో కథ ముగిసింది. కానీ ఈ పోటీ చరిత్ర అంత తెల్లగా లేదు, నిజం చెప్పాలంటే మరీ తెల్లగా ఉంది! 1921లో మొదలైన ఈ పోటీకి 1930ల నుంచి ఒక నియమం ఉండేది: తెల్లజాతి అమ్మాయిలే పాల్గొనాలి. నల్లజాతి అమ్మాయి మొదటిసారి జాతీయ పోటీలో నిలబడింది 1970లో. వెనెస్సా విలియమ్స్ గెలిచింది 1983లో, ఆమెకు కూడా బెదిరింపులు వచ్చాయి. ఇదంతా తెలిసినవాళ్లకు నీనా గెలిచిన తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు.

గంటలు కూడా గడవకముందే ట్విట్టర్లో కొందరు ఆమెను అరబ్బు అన్నారు, ఉగ్రవాది అన్నారు, అమెరికన్ కాదన్నారు. ఆమె పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరాక్యూస్ ఊళ్లో, చదివింది మిషిగన్ యూనివర్సిటీలో. అయినా కొందరికి ఆమె ముఖం చూస్తే బయటి మనిషే. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. చాలామంది ఆమెను సమర్థిస్తూ, ‘ఆమె అరబ్బు కాదు, ఇండియన్’ అన్నారు. అరబ్బు అయితే మాత్రం తిట్టవచ్చా? ఆ జవాబులో కూడా సగం తప్పు ఉంది. నీనా మాత్రం వాటికి పైన ఉండాలనీ, తాను మొదట అమెరికన్‌ననీ చెప్పి ఊరుకుంది.

‘మీది ఏ ఊరు?’ అనే ప్రశ్న మనకూ కొత్త కాదు. బళ్లారి ప్రాంతం 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. అంతకు ముందు నుంచే ఇక్కడ కన్నడం, తెలుగు, ఉర్దూ, మరాఠీ, లంబాణీ అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. తాతముత్తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న ఇంటి పిల్లల్ని కూడా ‘మీరు ఆంధ్రావాళ్లా?’ అని అడుగుతారు. ఆంధ్రాకు పోతే ‘మీరు కన్నడంవాళ్లు కదా’ అంటారు. చాలామంది ఊరికే అడుగుతారు, ద్వేషం ఏమీ ఉండదు. కానీ రెండు వైపులా ఆ ప్రశ్న విన్నవాళ్లకు నీనా కథ టీవీ చెప్పినదానికంటే ఎక్కువ అర్థమవుతుంది.

అమెరికావాళ్లను అన్నాక మన ఇంటి సంగతి కూడా చూడాలి. నీనా గెలిచిన వారంలోనే అక్కడా ఇక్కడా పేపర్లలో ఒక చర్చ వచ్చింది. ఈ రంగు ఉన్న అమ్మాయి మన దేశంలో మిస్ ఇండియా అయ్యేదా అని. జవాబు అందరికీ తెలుసు. ‘ఎండలో తిరగొద్దు పాపా, నల్లగైపోతావ్’ అనే మాట వినని అమ్మాయి మన క్లాసులో ఉందా? పెళ్లి ప్రకటనల్లో చదువు కంటే ముందు రంగు రాస్తారు. తెల్లబడే క్రీము 1975 నుంచి మన దేశంలో అమ్ముతున్నారు. 2020లో దాని పేరులో ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టారు. పేరు మారినంత త్వరగా మన మాటలు మారలేదు. నల్లగా ఉండటం వల్లే ‘కృష్ణ’ అనే పేరు వచ్చిన ద్రౌపదిని అందగత్తె అని చదువుతాం, పక్కింటి అమ్మాయిని మాత్రం ‘రంగు తక్కువ’ అంటాం. ‘మన తెలుగమ్మాయి’ అని నీనాను సొంతం చేసుకున్న మనం అదే రంగు ఉన్న మన ఇంటి అమ్మాయిని ఏమంటున్నామో ఆలోచించాలి. నీనా తర్వాతి సంవత్సరాల్లో ఈ తెల్లరంగు పిచ్చికి వ్యతిరేకంగానే మాట్లాడుతూ వచ్చింది. నటి నందితా దాస్ కూడా 2013లోనే ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ అనే ఉద్యమం తరఫున మాట్లాడింది. ఆమె ‘కమ్లి’ అనే తెలుగు సినిమాలో లంబాడీ తల్లిగా నటించింది. మన సండూరు లంబాణీ అక్కల అద్దాల కుట్టుపని పెద్ద ఊళ్ల ప్రదర్శనల్లో ఎంత మెచ్చుకుంటారో మనకు తెలుసు. కుట్టిన మనిషిని కూడా అంతే గౌరవంగా చూసినప్పుడే ఆ మెప్పుకు విలువ.

మన పండగలో ఇంకొక లోపం కూడా ఉంది. విజయవాడలోని ఆ అవ్వ పేరు వేగె కోటేశ్వరమ్మ. మాంటిస్సోరి బళ్లు స్థాపించి, ఆడపిల్లల చదువు కోసం జీవితమంతా పనిచేసింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ మా బోటివాళ్లకు మనవరాలి కిరీటం వల్లనే ఆమె పేరు తెలిసింది. మామూలుగా అయితే అవ్వ వల్ల మనవరాలు తెలియాలి.

కిరీటం తర్వాత కథను అమెరికా టీవీయే ఒకసారి చెప్పడానికి ప్రయత్నించింది. 1992లో ‘మిస్ అమెరికా: బిహైండ్ ది క్రౌన్’ అనే టీవీ సినిమా వచ్చింది. హవాయి నుంచి వచ్చి మిస్ అమెరికా అయిన కారొలిన్ శాప్ తన పాత్ర తానే వేసింది. పెళ్లి చేసుకుంటానన్న మనిషి చేతిలో ఆమె పడిన హింసే ఆ సినిమా విషయం. తాను పడిన బాధను తానే మళ్లీ నటించి చూపించడం ఎంతవరకు సరి అనే ప్రశ్న ఉంది. అయినా నవ్వే ముఖం వెనుక ఏముందో చూడమని టీవీ చెప్పడం మంచిదే. పోటీ ప్రసారం ఎప్పుడూ చేయని పని అది.

‘అసలు అందాల పోటీలే వద్దు, వాటికి విమర్శ ఎందుకు?’ అని కొందరు పెద్దలు అడుగుతారు. ఆ మాటలో న్యాయం ఉంది. 1968లోనే అట్లాంటిక్ సిటీలో ఆడవాళ్లు ఈ పోటీకి ఎదురుగా నిలబడి నిరసన తెలిపారు. 1996లో బెంగళూరులో మిస్ వరల్డ్ జరిగినప్పుడు మన రాష్ట్రంలో పెద్ద గొడవ అయింది, ఈత దుస్తుల భాగాన్ని సేషెల్స్ దీవుల్లో జరిపారు. మిస్ అమెరికావాళ్లు ఆ భాగాన్ని 2018లో తీసేశారు. అంటే నిరసన చేసినవాళ్ల మాట ఆలస్యంగానైనా గెలిచింది. మరోవైపు నీనాకు 50,000 డాలర్ల చదువు డబ్బు వచ్చింది, తన మాట వినేవాళ్లు దొరికారు. అది కూడా నిజమే. కానీ చదువుకు డబ్బివ్వడానికి ముందు అమ్మాయిని ఈత దుస్తుల్లో నడిపించడం ఎందుకు? మన ఎస్సెస్సెల్సీలో మొదటి ర్యాంకు వచ్చిన అబ్బాయిని ఎవరూ అలా నడిపించరు.

2025 మేలో మిస్ వరల్డ్ హైదరాబాదుకు వచ్చింది. పోటీదారులు ములుగు జిల్లాలోని రామప్ప గుడికి వెళ్లినప్పుడు స్థానిక మహిళలు వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి తుడిచిన వీడియో బయటికొచ్చి పెద్ద వివాదమైంది. అతిథి మర్యాద అని కొందరు అన్నారు. ఆ గుడి గోడలకు నల్లరాతి మదనికలు ఉన్నాయి, శిల్పి నల్లరంగులో చెక్కిన అందం అది. దానికింద మన ఆడవాళ్లు వంగి తుడుస్తుంటే కెమెరా మాత్రం అతిథుల వైపే చూసింది.

నా అభిప్రాయం ఇది. 2013 నాటి ప్రసారం ఒక అమ్మాయి ధైర్యాన్ని బాగా చూపించింది, ఆ ధైర్యం ఆమెకు ఎందుకు అవసరమైందో చూపించలేదు. నీనా కథను ఎవరైనా టీవీ సినిమాగా తీస్తే కిరీటం మొదటి సీనులో పెట్టాలి, ఆఖర్లో పెట్టకూడదు. ఆ రాత్రి ఫోనులో వచ్చిన తిట్లు, విజయవాడలో అవ్వ బడి, రంగు గురించి మన ఇళ్లలో మాటలు అన్నీ అందులో ఉండాలి. అమ్మలూ, నాన్నలూ, టీచర్లూ పిల్లలతో కలిసి చూడదగ్గ సినిమా అవుతుంది. అది వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. వచ్చే వార్షికోత్సవంలో డాన్సుకు పిల్లల్ని నిలబెట్టేటప్పుడు ముందు వరుసలో ఎవరిని పెడుతున్నాం, ఎందుకు పెడుతున్నాం అని ఒక్క నిమిషం ఆగి చూసుకుందాం.