వణుకునకు నాడి పట్టువారు

విజయవాడ ఆటోనగరులో నేనెరిగిన పెద్ద మేస్త్రిగారొకరు, "బ్రేకు తొక్కితే స్టీరింగు వణుకుతోందండీ" అని ఎవరైన కారు తెచ్చినచో, వెంటనే పానా చేత బట్టరు. ముందు తాళము అడుగుదురు. కారు తీసికొని జాతీయ రహదారి ఎక్కి, స్టీరింగును పిడికిట బిగింపక, పసిబిడ్డ చేయి పట్టినట్లు రెండు వ్రేళ్లతో తాకి, ఎనిమిది మైళ్లు పోయి వచ్చుదురు. దిగునప్పటికి రోగము సగము తేలియుండును. బండి విప్పకమునుపే బండిని చదువు ఈ విద్యను కన్నులార చూచినవాడనగుటచే, దానిని గూర్చి నాలుగు మాటలు వ్రాయక యుండలేకున్నాను.

చక్రము తనకు తగిలిన దెబ్బను తానే చెప్పుకొనును, వినువారుండవలయునంతే. 80 కిలోమీటర్ల వేగమున పోవు చిన్నకారు చక్రము సెకనుకు ఇంచుమించు 12 తూరులు తిరుగును గనుక, చక్రమున పుట్టిన దోషము ఆ లెక్కననే చేతికి తగులవలయును. బ్రేకు తాకకయే 80, 100 కిలోమీటర్ల నడుమ స్టీరింగును ఆడించి, వేగము మరికొంత హెచ్చగనే సన్నగిల్లు వణుకు బ్యాలెన్సింగుది. బ్రేకు తొక్కినపుడు మాత్రమే పుట్టి చేతులకు తెలియునది తరచుగా ముందు డిస్కులది. సీటులోనుండి నడుమునకు ప్రాకునది వెనుక చక్రములది. యాక్సిలరేటరు మీద కాలు వేయగా వచ్చి, కాలు తీయగా పోవునది లోపలి యాక్సిలు జాయింటుది. మలుపున బండి ఒక ప్రక్కకు ఒరిగినపుడు హోరు పెరిగి, రెండవ ప్రక్కకు ఒరిగినపుడు తగ్గెనా, బేరింగును అనుమానింపుడు. స్పీడ్ బ్రేకరు దిగునపుడు టక్కుమనునది లింకు రాడ్డో, లోయర్ ఆర్మ్ బుష్షో. (ఏబీయస్ గల బండిలో గట్టిగా తొక్కిన క్షణమున పెడలు కాలిక్రింద దడదడలాడుట రోగము కాదు, దానికి జడిసి వచ్చినవారిని మేస్త్రిగారు టీ ఇప్పించి పంపివేసిరి.)

ఆయన ప్రజ్ఞకెల్ల తలమానికమైన ఉపాయమొకటి కలదు. జాకీమీద లేపిన ముందు చక్రమును, గడియారమున 12, 6 అంకెలుండు చోటుల రెండు చేతులతో పట్టి ఊపుదురు. ఆడినది. అది బేరింగు ఆటయో, బాల్ జాయింటు ఆటయో? తెలియనివాడు రెండును మార్చివేయును. మేస్త్రిగారు మాత్రము, "ఒరే అబ్బాయ్, లోపల కూర్చుని బ్రేకు తొక్కి పట్టరా" అని కేకవేసి మరల ఊపుదురు. బ్రేకు పట్టినపుడు ప్యాడ్లు చక్రమును దాని వెనుకనున్న ఇనుప దిమ్మతో ఏకము చేయును గనుక, బేరింగు ఆట మాయమగును. ఆట మిగిలియుండెనేని దోషము బాల్ జాయింటునందే. 3, 9 అంకెల చోట ఊపిన ఆడునది టై రాడ్ ఎండు. ఖర్చు కాణీ లేదు, యంత్రము లేదు. ఒక కుర్రవాడు, ఒక కాలు!

డిస్కు బ్రేకునకు 1902లో ఇంగ్లండున లాంచెస్టరు పేటెంటు పుచ్చుకొనెననియు, 1953లో జాగ్వారు కారు ఆ బ్రేకులతో లెమాన్స్ పందెము గెలిచిన పిదప లోకము కన్ను దానిపై పడెననియు చెప్పుదురు. మనకు మాత్రము చాలకాలము డ్రమ్ము బ్రేకుల అంబాసిడరే దిక్కు. ముందు టార్షన్ బారులతో గోతులను దిగమ్రింగి నడిచిన ఆ బండిని ఎగతాళి చేయువారితో నాకు మాటలు లేవు. ఈనాటి పెద్ద మేస్త్రులందరు దాని క్రింద పడుకొని విద్య నేర్చినవారే.

ఇక నా గోడు. నా కారు బ్రేకు తొక్కినపుడెల్ల స్టీరింగు గజగజలాడుచుండగా ఒక పెద్ద షోరూమునకు తీసికొనిపోతిని. "డిస్కు బెండయింది సార్" అని కొత్త డిస్కులు వేసిరి. నాలుగువేల కిలోమీటర్లు నెమ్మది, మరల వణుకు. మరల కొత్త డిస్కులు, మరల బిల్లు, మరల వణుకు. మూడవమారు ఆటోనగరు దారి పట్టితిని. మేస్త్రిగారు నవ్వి, "పోత ఇనుము అంత తేలిగ్గా వంగదు బాబూ, అరుగుతుంది. ఎందుకరిగిందో చూడొద్దూ?" అనిరి.

చక్రము విప్పి, నట్లతో డిస్కును హబ్బునకు బిగించి, డయల్ గేజి ముల్లును డిస్కు అంచు దగ్గర ఆనించి, చేతితో మెల్లగా త్రిప్పిరి. ముల్లు మిల్లీమీటరులో 12 వందవ వంతులు ఊగినది, 5 దాటరాదట. డిస్కు ఊడదీసి చూడగా, హబ్బు ముఖమున ఒక బోల్టు ప్రక్క కాగితమంత మందమున తుప్పు పెచ్చు! షోరూమువారు రెండుమార్లును ఆ పెచ్చుమీదనే కొత్త డిస్కులు బిగించిరి. ఆ వాలువలన డిస్కు ఎత్తైన చోటు, బ్రేకు తొక్కకున్నను, ప్రతి చుట్టునకు ప్యాడును రాచుకొనుచు వేల కిలోమీటర్లలో అక్కడనే పలుచనగును. పిదప బ్రేకు తొక్కగా పలుచన, మందము మార్చి మార్చి ప్యాడ్ల నడుమ పోవుచు పట్టును హెచ్చించి తగ్గించి స్టీరింగును కుదుపును. రెండు వందవ వంతుల తేడా చాలును. మేస్త్రిగారు ఎమెరీ గుడ్డతో హబ్బును అద్దమువలె తోమి, డిస్కులను, అంచున చెక్కియున్న కనీస మందమునకు లోబడి, లేత్‌మీద సన్నగా స్కిమ్మింగు చేయించి, మరల గేజి పెట్టిరి. ముల్లు 3 దాటలేదు. అటుపిమ్మట నట్లను ఎదురెదురుగా, మూడు విడతలుగా, చేతిపానాతో బిగించిరి.

గాలి తుపాకితో బర్రున ఒకే పట్టున నట్లు బిగించి పంపువారికి ఈ ఓపిక యెక్కడిది? నాలుగు సామానులు మార్చి చూచి, ఐదవది మార్చుటకు మన చేత సంతకము పెట్టించుకొనుటను పరీక్ష యనుచున్నారు! బజారులో చూడబోయిన, కంపెనీ డబ్బాను పోలిన డబ్బాలో డూప్లికేటు లోయర్ ఆర్మ్. ఆరునెలలకే బుష్షు పగులును, బాల్ జాయింటు తొడుగు చినిగి దుమ్ము జొరబడును. ఒక జత ప్రాణముల విలువ ఎనిమిదివందలు తక్కువకు వచ్చినదని మురియు యజమానులను తిట్టక మరెవరిని తిట్టుదును? కాగిన డిస్కులమీద చన్నీళ్లు గుప్పించు వాటరు సర్వీసువారి మాట యెత్తితినా, నాకు రక్తపు పోటు వచ్చును. అయ్యలారా, వణుకు వచ్చినపుడు "ఏమి మార్చుదురు?" అని అడుగకుడు; "గేజి పెట్టి చూచితిరా?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు మొగము చిట్లించిన చోట తాళము తిరిగి పుచ్చుకొనుడు.

మేస్త్రిగారికిపుడు బ్రేకు తొక్కి పట్టుటకు కుర్రవాడు దొరకుట లేదు. మొన్న ఆ పని నేనే చేసితిని. హబ్బునుండి రాలిన తుప్పును ఆయన కాగితమున పొట్లము కట్టి, "రెండు జతల డిస్కులు అమ్మిన పెద్దమనుషులకు చూపించండి బాబూ" అని నా చేతికిచ్చిరి. పొట్లము ఇంకను డ్యాష్‌బోర్డు అరలోనే యున్నది.